దున్న ఏడో దెబ్బ

మా తమ్ముడు ఆడే ఆటలో ఎంత కష్టం కావాలో మనమే ఎంచుకోవచ్చు. తేలిక, మామూలు, కష్టం, మరీ కష్టం అని నాలుగు మెట్లుంటాయి. ఈ సంగతి తెలిసిన రోజున నాకు నవ్వొచ్చింది. బతుకులో మనల్ని నిలబెట్టి ఇలా అడిగినవాళ్లెవరూ లేరు. అడిగే చోటు ఒకటి దొరికినప్పుడు తేలిక అని నొక్కి కాళ్లు చాపుకుని కూర్చోవాలా, వద్దా? మా వాడు ఏరికోరి నాలుగో మెట్టే ఎక్కేవాడు. ఎక్కి, తన్నులు తిని, మళ్లీ ఎక్కేవాడు.

వాడి పేరు నాగదుర్గారావు. ఇంట్లో దుర్గారావు అంటాం. నా పేరు సాయిదుర్గ. ఒకే ఇంట్లో ఇద్దరు దుర్గలెందుకని నాన్న నన్ను సాయీ అనేవాడు. మాది మండవల్లి దగ్గర, కొల్లేటి అంచున ఒక ఊరు. నాన్న నాగేశ్వరరావు ముప్ఫై ఏళ్లు చేపల చెరువుల మీద పని చేశాడు. దుర్గారావు పాలిటెక్నిక్ చదివి, ఉద్యోగం వచ్చేదాకా అంటూ నాన్నతో పడవెక్కి, ఆ తర్వాత దిగలేదు. అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. వంటిల్లు మా మామ్మ పెద్దింటమ్మది. నేను ఊరి సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్లోవాళ్ల పేర్లలో, పుట్టిన తేదీల్లో, చిరునామాల్లో తప్పులు దిద్దడమే నా పని. తప్పు కనబడితే చెయ్యి ఊరుకోదు. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ చెయ్యి ఊరుకోకపోవడం వల్ల వచ్చిందే.

ఆట జపాన్‌వాళ్లు చేసింది. నలుగురు మనుషులు ఊరూరా తిరుగుతుంటారు, దారిలో రకరకాల మృగాలు అడ్డుపడతాయి. మన వంతు వచ్చినప్పుడు మనం కొట్టాలి, దాని వంతు వచ్చినప్పుడు అది కొడుతుంది. అది కొట్టే క్షణానికి సరిగ్గా మీట నొక్కితే దెబ్బ తప్పుతుంది, రెప్పపాటు ఆలస్యమైతే తగులుతుంది. నలుగురికీ పేర్లు మనమే పెట్టుకోవచ్చు. గాయాలకు మందు వేసే ముసలావిడకి మా వాడు పెద్దింటమ్మ అని పెట్టాడు. "మామ్మ చచ్చిపోయింది" అని వాడు టీవీ ముందు కేక పెట్టినప్పుడల్లా మామ్మ గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చేది.

ఈ మెట్ల గురించి వాడికీ, వాడితో చదువుకున్న కిరణ్ కుమార్‌కీ ఫోనులో గంటలకొద్దీ వాదన నడిచేది. కిరణ్ తాడేపల్లిగూడెంలో రైసు మిల్లులో సూపర్‌వైజరు. రోజంతా మిల్లులో అందరిచేతా చీవాట్లు తిని ఇంటికొచ్చేవాడికి ఆటలో కూడా తన్నులెందుకు, కథ చూసుకుంటూ హాయిగా పోవాలి అని అతను. తేలికలో గెలిస్తే నేను గెలిచినట్టు కాదు, ఆట జాలిపడి గెలిపించినట్టు అని మా వాడు. నేను కిరణ్ పక్షం. సుఖంగా ఉండే దారి కళ్లెదురుగా ఉంటే పక్కనున్న ముళ్ల కంపలోంచి నడిచేవాణ్ణి తెలివైనవాడు అనడానికి నాకు నోరు రాదు.

గెలిచినవాళ్లు మళ్లీ మళ్లీ తమ సత్తా చూసుకోవడానికి ఆటలో ఒక బరి ఉంది. ఆ బరిలో ఒక ఇనుప దున్న. నాలుగో మెట్టులో అది వరసగా ఏడు దెబ్బలు కొడుతుంది. ఏడూ తప్పించుకుంటేనే మెడ వంచుతుంది, అప్పుడే చంపగలం. ఆరు దెబ్బలు ఒకే వేగంతో కొట్టి, ఏడోదానికి కాస్త ఆగి కొడుతుంది ఆ పాపిష్ఠిది. దుర్గారావు రోజూ సాయంత్రం దాన్ని ఒకసారి చంపి కానీ అన్నానికి లేచేవాడు కాదు. నాన్న చెరువు మీద నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, గడప మీద కూర్చుని చూసేవాడు. ఆట గురించి ఆయనకు ఒక్క ముక్క తెలియదు. దెబ్బలు మాత్రం పైకి లెక్కపెట్టేవాడు. ఏడోది తప్పగానే "పడిందిరా దున్న" అని మోకాళ్ల మీద చేతులు చరుచుకుని లేచేవాడు. మా ఇంట్లో అందరికీ ఒకేసారి సంతోషం కలిగే సమయం అదొక్కటే.

నిరుడు ఏప్రిల్‌లో, నీళ్లు తోడే ఇంజను బెల్టు దుర్గారావు కుడి చేతిని లోపలికి లాక్కుంది. ఏలూరులో ఆపరేషన్ చేశారు. ఎముకలు అతుక్కున్నాయి, నరం సంగతే తేలలేదు. వేళ్లు ఉన్నచోటే ఉన్నాయి కానీ చెప్పిన మాట వినవు. వ్యాయామాలు చేయించడానికి నిస్సీ అనే ఆవిడ దగ్గరికి పంపారు. నెమ్మదైన మనిషి. నరం రోజుకో మిల్లీమీటరు పెరుగుతుందండీ, మనం తొందరపడితే అది తొందరపడదు అని మొదటి రోజే చెప్పింది. చేతిలో పెట్టి పిండితే పట్టు ఎన్ని కిలోలో చూపించే యంత్రం ఒకటి ఆవిడ దగ్గర ఉంది. మా వాడి ఎడమ చెయ్యి నలభై చూపించింది. కుడిచెయ్యి జులైలో నాలుగు, ఆగస్టులో ఆరు, సెప్టెంబరులో ఎనిమిది. ఇరవై దాటేదాకా పడవ ఎక్కొద్దని గట్టిగా చెప్పింది. వీడికి ఆటల పిచ్చి ఉందని తెలిసి, మంచిదే, ఆ మీటలు కుడిచేతి వేళ్లతోనే నొక్కండి, అదీ వ్యాయామమే అంది.

నాన్నకు ఆ కిలోల మీద నమ్మకం లేదు. అసలు ఆయన ఏ కాటానీ నమ్మేవాడు కాదు. చెరువులో పెరిగిన చేపల్ని పట్టి అమ్మే పట్టుబడి రోజున చేపని చేత్తో ఎత్తి ఇంత ఉంటుందని చెప్పేవాడు, కాటా వేరే మాట చెబితే కాటాదే తప్పనేవాడు, చాలాసార్లు ఆయన మాటే నిజమయ్యేది. కొడుకు చెయ్యి విషయంలోనూ అంతే. ఏలూరులో ఏదో గదిలో ఏదో పిండితే పడే అంకె ఆయనకు లెక్కలోది కాదు. చెయ్యి బాగున్న రోజుల్లో వీడు ఏం చేసేవాడో ఆయన గడప మీద కూర్చుని కళ్లారా చూశాడు. అదే దున్నని, అదే మెట్టులో, అదే చేత్తో మళ్లీ చంపితే చెయ్యి వచ్చినట్టు. దుర్గారావు లెక్కా అదే. తండ్రీ కొడుకులు ఎప్పుడూ పైకి అనుకోకుండానే ఆ ఒప్పందానికి వచ్చేశారు. వినడానికి అందులో తప్పేమీ కనబడదు. నాకూ కనబడలేదు.

జులై నుంచి వాడు బరిలోకి దిగాడు. రెండో దెబ్బకే పడిపోయేవాడు. రోజుకు ముప్ఫైసార్లు, నలభైసార్లు. బొటనవేలు కదిలేది, అయితే ఆలస్యంగా కదిలేది. మొదట్లో నవ్వుకుంటూ ఆడాడు. ఆగస్టు వచ్చేసరికి నవ్వు పోయింది, సెప్టెంబరు వచ్చేసరికి మాట పోయింది. ముసలావిడ పడిపోయినా కేక పెట్టడం మానేశాడు. మామ్మ కేక కోసం చెవి రిక్కించుకుని, రాకపోతే వంటింట్లో ఊరికే నిలబడేది. నాన్న గడప మీద కూర్చోవడం మానేసి, కాళ్లు కడుక్కుని అటు నుంచి అటే పెరట్లోకి పోయేవాడు. మెట్టు దించుకోరా, కొన్నాళ్లు తేలికలో ఆడుకో, చెయ్యి కుదిరాక మళ్లీ ఎక్కుదువు గాని అని నేను బతిమాలాను. వాడు నా వైపు చూడకుండా, "ఆ దున్న పడేదాకా నాకు చెయ్యి లేనట్టేనక్కా" అన్నాడు.

ఒక శనివారం ఆఫీసు నుంచి వచ్చేసరికి వాడు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని ఎడమ పిడికిలితో కొడుతున్నాడు. బలంగా కొడుతున్నాడు, నెమ్మదిగా, ఒక పని చేస్తున్నట్టు కొడుతున్నాడు. స్పర్శ లేని చెయ్యి కాబట్టి నొప్పి తెలియడం లేదు. నేను వచ్చినట్టు వాడికి తెలియలేదు. వెనక్కి తిరిగి, వీధి గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు చప్పుడయ్యేలా మళ్లీ వచ్చాను.

మర్నాడు వాడు స్నానానికి వెళ్లినప్పుడు ఆ ఆట తెరిచి మెనూలన్నీ చదివాను. మెనూలు చదవడం నా వృత్తి. నాలుగు మెట్లు కాకుండా అడుగున ఇంకో పేజీ ఉంది. దెబ్బ తప్పించుకునే మీట నొక్కడానికి ఎంత వ్యవధి ఇవ్వాలో అక్కడ విడిగా పెట్టుకోవచ్చు. సున్నా నుంచి పది దాకా గీతలు. అది మార్చినా పైన "మరీ కష్టం" అన్న మాట మారదు. దున్న అలాగే వస్తుంది, అదే వేగంతో కొడుతుంది, ఆలస్యాన్ని మాత్రం కాస్త మన్నిస్తుంది. మా వాడు ఆ పేజీ వైపు జన్మలో వెళ్లడు, వెళ్లడం వాడికి నామోషీ. సున్నా మీదున్న గుర్తుని ఒక గీత జరిపాను. ఎవరి అర్జీలోనో తప్పు పడిన అక్షరాన్ని దిద్దినట్టే అనిపించింది. నిజం చెప్పాలంటే అంతకంటే తేలిగ్గా అనిపించింది, ఎందుకంటే దీనికి పై అధికారి సంతకం అక్కర్లేదు.

ఆ రోజు వాడు మూడో దెబ్బ తప్పించుకున్నాడు. వెంటనే నన్ను పిలిచాడు. నేనేమీ ఎరగనట్టు వెళ్లి చూశాను.

నాలుగు రోజులకు ఇంకో గీత. మళ్లీ నాలుగు రోజులకు ఇంకోటి. ఒకేసారి ఇస్తే అనుమానం వస్తుందని, నరం ఎంత నెమ్మదిగా పెరుగుతుందో అంత నెమ్మదిగా ఇచ్చాను. మధ్యలో ఒకరోజు ఒక గీత వెనక్కి కూడా లాగాను, బాగుపడే చెయ్యికి ఒక చెడ్డ రోజు ఉండాలి గదా అని. ఏ రోజు ఎన్ని దెబ్బలు తప్పాలో నిర్ణయించింది నేను. అది చేస్తున్నంతసేపూ నాకు భయం వేయలేదు, సంతోషం వేసింది. నాన్న మళ్లీ గడప మీదికి వచ్చాడు. "నాలుగు", "అయిదు" అని మళ్లీ పైకి లెక్కపెట్టాడు. మామ్మ చచ్చిపోయింది అని కేక వినబడింది, మామ్మ గరిటెతో వచ్చింది, తిట్టింది, వెనక్కి వెళ్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది. వాడు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఇదంతా నా చేతి చలవే అని లోపల్లోపల పొంగిపోయాను. ఆ పొంగు తలుచుకుంటే ఇప్పుడు నా మొహం మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

అక్టోబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం దున్న పడింది. ఏడో దెబ్బకి వాడి బొటనవేలు ఆలస్యమైంది. నేను పక్కనే ఉన్నాను, చూశాను. ఆట మన్నించింది. నాన్న చేతులు చరుచుకోలేదు, కేక పెట్టలేదు. లోపలికి వచ్చి వాడి కుడిచేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, పట్టుబడి రోజున చేపని చూసినట్టు, కాస్త పైకెత్తి బరువు చూశాడు. మామ్మ అప్పటికప్పుడు కొరమీను తెప్పించి పులుసు పెట్టింది. కిరణ్ కుమార్‌కి ఫోను చేశారు. నాలుగో మెట్టులోనే కొట్టావా అని అతను రెండుసార్లు అడిగాడు, నాలుగో మెట్టులోనేరా అని మా వాడు స్క్రీను ఫొటో తీసి పంపాడు.

అన్నాల దగ్గర నాన్న, రేపు పొద్దున్న పడవ మీదికి రమ్మన్నాడు. ఇంకొన్నాళ్లు ఆగుదాం, ఏలూరు వెళ్లి యంత్రం మీద చూపించి, ఇరవై దాటాక వెళ్లొచ్చు అన్నాను.

"కళ్లారా చూశాం కదమ్మా సాయీ. ఇంకా ఆ యంత్రం ఏం చెబుతుంది?" అన్నాడు నాన్న.

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. దుర్గారావు నా వైపు చూసి నవ్వాడు. ఆరు నెలల తర్వాత మొహం నిండా నవ్వాడు. నేను ఆ నవ్వు చూసి, మంచినీళ్లు తాగి, నోరు మూసుకున్నాను. ఒక్క మాటకి ఆ నవ్వు పోతుంది. మళ్లీ గోడవైపు తిరిగి కూర్చుంటాడు. చెరువు మీద నాన్న పక్కనే ఉంటాడు గదా, బరువులేవీ ఎత్తనివ్వడు గదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆ సాయంత్రమే గుర్తుని మళ్లీ సున్నా మీదికి జరిపేశాను. ఎవరైనా చూస్తారేమోనని భయం. దొంగతనం చేసినవాళ్లు కాలిముద్రలు చెరిపేస్తారే, అలా.

పద్దెనిమిది రోజులు వాడు పడవ మీదికి వెళ్లాడు. పని అంటే, చెరువులో వరసగా వెదురు గడలు పాతి ఉంటాయి, చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి ఒక్కో గడకీ ఒక్కో సంచి కట్టుకుంటూ పోవాలి. చేపలు ఆ చిల్లుల్లోంచి తింటాయి. ఆరు నెలలుగా తిండి తప్ప అన్ని పనులూ ఎడమచేత్తో చేసి చేసి, అక్కడా వాడు అలవాటు కొద్దీ ఎడమచెయ్యే ముందుకు చాపేవాడట. కుడిచేతిలోంచి తాడు జారితే అలవాటు తప్పింది, రెండు రోజుల్లో అదే వస్తుంది అనుకునేవాడట. చెయ్యి బాగైందని ఒకసారి నమ్మాక జారిన తాడుకి వెయ్యి కారణాలు దొరుకుతాయి. ఏలూరు వెళ్లాల్సిన రోజు వచ్చింది, పోయింది. వాడు వెళ్లలేదు. నేను గుర్తు చేయలేదు.

పంతొమ్మిదో రోజు పొద్దున్న గాలి ఎక్కువగా ఉంది. గట్టు మీద విశ్వాసం అనే అతను తవుడు సంచులు దించుతున్నాడు. జరిగినదాన్ని చూసిన మనిషి అతనొక్కడే. నాన్న పడవ అంచున నిలబడి ముడి వేస్తుండగా గాలికి పడవ ఊగింది. ఆయన వెనక్కి పడ్డాడు. పడేటప్పుడు తల వెనకభాగం గడకి తగిలింది. ఈత రాక కాదు, కొల్లేట్లో పుట్టిన మనిషి. తెలివి తప్పింది. కాళ్లకు తాడు చుట్టుకుంది. దుర్గారావు వంగి ఆయన మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. విశ్వాసం ఆ తర్వాత మా అరుగు మీద కూర్చుని, నేల చూపులు చూస్తూ చెప్పాడు. "ఎడం చేత్తో గడ పట్టుకున్నాడమ్మా, పడవ కదిలిపోకుండా. కుడి చేత్తో నాన్నగారిని పట్టుకున్నాడు. పట్టుకున్నాడు, పట్టుకున్నాడు... తర్వాత చేతిలో లేరమ్మా."

వాడు వెంటనే దూకాడు. బురద నీళ్లు, తాడు, సంచులు. విశ్వాసం ఈదుకుంటూ వెళ్లాడు. ఇద్దరూ కలిసి బయటికి తీసేసరికి అయిపోయింది.

ఎడమ చెయ్యికి నలభై కిలోల పట్టు ఉంది. నాన్న బక్కపలచటి మనిషి. నీళ్లలో ఉన్న మనిషి బరువు ఎంతని. ఎడమచేత్తో పట్టుకుని ఉంటే ఆయన ఈ రోజు ఇంట్లో ఉండేవాడు. చేతకాని చెయ్యి అని తెలిసినవాడెవడూ తండ్రిని ఆ చేత్తో పట్టుకోడు. ఆ చెయ్యి బాగుందని వాడికి చెప్పింది నేను.

శవం ఇంట్లో ఉండగానే దుర్గారావు ఆ మాట మొదలుపెట్టాడు. నేనే వదిలేశాను అన్నాడు. ముందు ఎవరూ పట్టించుకోలేదు, దుఃఖంలో అంటున్నాడనుకున్నారు. మూడో రోజూ అదే మాట. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర, వచ్చినవాళ్లందరూ వింటుండగా, ఎవరో పెద్దాయన నీ చెయ్యి బాగుంటే ఇలా జరిగేది కాదురా అని ఓదార్చబోతే, వాడు తలెత్తి, నా చెయ్యి బాగానే ఉందండీ అన్నాడు. పడవ నాన్న వైపు ఒరిగింది, నేనూ పోతానని భయం వేసింది, వదిలేశాను అన్నాడు. చాలా నిదానంగా, రేషన్ కార్డు కోసం వివరాలు చెబుతున్నట్టు చెప్పాడు. విస్తళ్ల ముందున్నవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఆ రోజు నుంచి ఊళ్లో కొందరు అదే నిజమనుకోవడం మొదలుపెట్టారు.

నేను పన్నెండు రోజులు ఆగాను. మామ్మకు తెలుస్తుందని భయం, తమ్ముడు నా మొహం చూడడేమోనని భయం. పదమూడో రోజు వాణ్ణి పెరట్లోకి తీసుకెళ్లి అంతా చెప్పాను. ఏ తేదీన ఎన్ని గీతలు జరిపానో, ఏ రోజు వెనక్కి లాగానో, ఏడో దెబ్బకి వాడి వేలు ఎంత ఆలస్యమైందో. నీ చెయ్యి రాలేదురా, వచ్చిందని నేను అబద్ధం ఆడాను, నువ్వు వదల్లేదు, చెయ్యి వదిలింది, నాన్నని చంపింది నేను అని చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను కూడా.

వాడు చివరిదాకా విన్నాడు. తర్వాత నా తల మీద చెయ్యి వేశాడు.

"నాకోసం ఇంత కట్టుకథ ఎప్పుడు అల్లావక్కా? ఇంత మంచిదానివేంటే నువ్వు" అన్నాడు.

చెయ్యి పట్టుకుని టీవీ ముందుకు లాక్కొచ్చాను. ఆ పేజీ తెరిచి చూపించాను. గుర్తు సున్నా మీద ఉంది. వాడు దాన్ని చూసి, నన్ను చూసి, జాలిగా తల ఊపాడు. నేనే వెనక్కి జరిపానురా, ఆ ఆదివారమే జరిపాను అని ఏడ్చాను. సరేలే అక్కా అన్నాడు. పోనీ ఇప్పుడు ఆడు, నువ్వే చూస్తావు అని ఆట మీటలుండే రిమోటు చేతిలో పెట్టాను. నా కోసం ఒక్కసారి ఆడాడు. రెండో దెబ్బకి పడిపోయాడు. తండ్రిని వదిలేసినవాడికి మనసు నిలుస్తుందా, ఆట నిలుస్తుందా అని రిమోటు కింద పెట్టేశాడు. మామ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆవిడ నన్ను నమ్మింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడదు.

ఇక మిగిలింది యంత్రం. నవంబరు మూడో వారంలో బలవంతాన వాణ్ణి ఏలూరు తీసుకెళ్లాను. నిస్సీ మేడమ్‌కి ముందే అంతా చెప్పాను. ఆవిడ యంత్రం వాడి కుడిచేతిలో పెట్టి, ఎంత వీలైతే అంత పిండమంది. పదకొండు. ఆవిడ ఫైలు తిప్పి వాడికి చూపించింది. జులైలో నాలుగు, ఆగస్టులో ఆరు, సెప్టెంబరులో ఎనిమిది, ఇవాళ పదకొండు. నాన్నగారు పోయిన రోజున తొమ్మిదో, పదో ఉండి ఉంటుంది, ఆ పట్టుతో నిండు మనిషిని ఎవరూ నిలబెట్టలేరు, ఇది మీ తప్పు కాదండీ అని విడమరిచి చెప్పింది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

దుర్గారావు ఆ అంకెల్ని చాలాసేపు చూశాడు. "నేను ఇక్కడ కూడా ఎప్పుడూ గట్టిగా పట్టుకోలేదేమోనండీ. నాన్నని పట్టుకోనివాణ్ణి, ఇనప ముక్కని పట్టుకుంటానా?" అన్నాడు.

నిస్సీ మేడమ్ ఫైలు మూసేసింది. నన్ను బయటికి పిలిచి అసలు సంగతి చెప్పింది. చెయ్యి నిజంగానే వస్తోంది. నెలకు రెండు కిలోల చొప్పున, అనుకున్నట్టే, ఎవరి సాయమూ లేకుండా వస్తోంది. ఇంకో ఏడెనిమిది నెలలు వ్యాయామం వదలకుండా చేయిస్తే మామూలు చెయ్యి అవుతుంది. ఇప్పుడు ఆపేస్తే మాత్రం బిగుసుకుపోతుంది, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు. జులైలో మొదలైన నిజం గెలుపు ఒకటి వాడి చేతిలో ఉంది. దాని నడక నాకు మరీ నెమ్మది అనిపించింది. ఆగలేకపోయాను.

వాడు మళ్లీ ఏలూరు రాలేదు. డిసెంబరులో నిస్సీ మేడమే ఫోను చేసింది, ఫోను వాడికిచ్చాను, అలాగేనండీ అని పెట్టేశాడు. రబ్బరు బంతి చేతిలో పెడితే ఎడమచేత్తో తీసి కిటికీలో పెడతాడు. కోపం లేదు, విసురు లేదు. నన్ను అక్కా అనే పిలుస్తాడు. నేను తినకపోతే బతిమాలతాడు. నాన్నని చంపినదాన్ని అన్నం తినమని బతిమాలే తమ్ముణ్ణి చూస్తూ నేను ఒక్కో ముద్దా మింగుతాను.

ఇప్పుడు ఫిబ్రవరి. నిన్న మధ్యాహ్నం మామ్మ వాడికి కంచంలో అన్నం పెట్టి, పప్పు వేసి, ఎదురుగా కూర్చుంది. మా ఇంట్లో ఎడమచేత్తో తిన్నవాళ్లు లేరు. చెయ్యి పోయిన కొత్తలో కూడా మామ్మే కలిపి నోట్లో పెట్టింది కానీ ఎడమచెయ్యి కంచంలో పెట్టనివ్వలేదు. దుర్గారావు కుడిచేతిని ఒళ్లోకి దించి, ఎడమచేత్తో కలుపుకుని తిన్నాడు. మామ్మ నా వైపు ఒకసారి చూసింది. ముద్ద కలుపుకోవడానికి ఆ కుడిచేతికున్న పదకొండు కిలోల పట్టు చాలు.